గడప ముందు ముండ్ల చెట్లు

స్వర్ణకు రెండోసారి కడుపు పోయిన నెలలో, ఆమె తమ్ముడు దత్తు కాల్హేర్ గోదాము నుంచి వస్తూ వస్తూ పాత పేపర్లో చుట్టి ఒక ముండ్ల కొమ్మ తెచ్చాడు. ఆ గోదాములో దత్తుది లారీలకు సామాను ఎక్కించే పని. ఫోన్లో ఆర్డరు పెట్టే జనం కోసం బట్టలు, బొమ్మలు, మిక్సీలతో పాటు ఈ మధ్య చిన్న చిన్న కుండీల మొక్కలు కూడా అక్కడికి వస్తున్నాయి. దారిలో విరిగినవాటిని వెనక చెత్తకుప్పలో పడేస్తారు.

"మనిషిని చూడొస్తే పండ్లు తెస్తరు. నువ్వేందిరా ముండ్లు తెచ్చినవ్?" అంది స్వర్ణ.

"పండ్లు తెస్తే మీ ఇంట్ల అందరికి పంచి నువ్వు ఊకుంటవ్. దీన్నయితే ఎవ్వరు తినరు గదా" అన్నాడు దత్తు.

స్వర్ణ నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్న అత్త పెంటవ్వ కూడా ఆ నవ్వు విని తల తిప్పింది.

వాళ్లది థానే దగ్గర, తెలుగు నేతపనివాళ్లు ఉండే పద్మనగర్‌లో హనుమాండ్లు సేటు చాల్. కింద సేటు కుటుంబం ఉండే గదులు, వాటిని ఆనుకొని ఆయన సాంచెల కార్ఖానా, అంటే మరమగ్గాలది. పైన గ్యాలరీ పొడుగునా కిరాయివాళ్ల గదులు. స్వర్ణ భర్త భీమ్‌రావు ఆ కార్ఖానాలోనే సాంచెలు నడుపుతాడు. స్వర్ణ నార్పోలిలో ఇంకొక కార్ఖానాకు పోయి మిషను మీద నూలు కండెలు చుడుతుంది. పెంటవ్వకు మోకాళ్లు పట్టేశాయి. ఆమె ఇంట్లోనే కూర్చుని, నేసిన బట్టలో మిగిలిన ముడులూ పోగులూ చిన్న పట్టకారులాంటి చిమటాతో ఏరుతుంది. కింద సాంచెలు నడిచినంతసేపూ పైన గిన్నెలు సన్నగా వణుకుతాయి. ఆ వణుకు ఆగినప్పుడే వాళ్లకు కొత్తగా అనిపిస్తుంది.

స్వర్ణ ఆ కొమ్మను ఒక రంగు డబ్బాలో నాటి రోజూ నీళ్లు పోసింది. కొన్నాళ్లకు అది అడుగున నల్లబడి, వేలు పెడితే జావలా జారింది. వాసన కూడా వచ్చింది.

"చూసినవా? నేను చెప్పలే? ముండ్ల చెట్టు ఇంట్ల నిలువది. పోనీ, పీడ వాయె" అంది పెంటవ్వ.

నిలువదు అన్న మాట స్వర్ణకు చురుక్కుమంది. ఆ మాట ఈ మధ్య ఆమె వేరే సంగతిలో చాలా మంది నోట విన్నది. అదే రోజు దత్తుకు ఫోన్ చేసింది.

"ఇంకోటి దొరికితే తే. ఒక్కటి గాదు, ఎన్ని దొరికితే అన్ని తే."

నార్పోలి పోయే దారిలో తోపుడు బండి మీద మొక్కలు అమ్మే ముసలాయన ఒకడున్నాడు. ఆమె ఆయన్ను అడిగింది. తెంపిన చోట పచ్చిగా ఉండగానే మట్టిలో పెడితే ఏ ముండ్ల చెట్టయినా కుళ్లిపోతుందని ఆయన హిందీలో చెప్పాడు. ముందు నీడలో పడేసి ఆ గాయాన్ని ఎండనివ్వాలి, చెక్కు కట్టాక నాటాలి, నాటాక కూడా వెంటనే నీళ్లు పోయకూడదు.

ఈసారి స్వర్ణ అట్లాగే చేసింది. విరిగిన చోట మెత్తబడిన భాగాన్ని కొత్త బ్లేడుతో తిన్నగా కోసి, కాస్త పసుపు అద్ది, ముక్కలను ట్రంకుపెట్టె మీద పేపర్ పరిచి ఉంచింది. వారం దాటేసరికి కోసిన చోట లోపలికి కుంచించుకుపోయి మడమ చర్మంలా గట్టిపడింది. పక్క సందులో కడుతున్న బిల్డింగ్ దగ్గర ఇసుక అడుక్కొచ్చి, మురికి పోయేదాకా కడిగింది. ఇటుక పెంకులు నలగ్గొట్టి అందులో కలిపింది. మట్టి మాత్రం గుప్పెడే. నెయ్యి డబ్బాలకూ పెరుగు డబ్బాలకూ అడుగున మేకు కాల్చి బొక్కలు పెట్టింది. బట్టపేలికను మడతలు పెట్టి కొమ్మను పట్టుకుని, ఒక వేలు లోతున నిలబెట్టి, పడిపోకుండా రెండు పుల్లలు ఆనించింది.

నాటడం కష్టం కాలేదు. నీళ్లు పోయకుండా ఉండడమే కష్టమైంది. పొద్దున లేవగానే చెయ్యి చెంబు మీదికి పోయేది. వేళ్లు లేని కొమ్మ నీళ్లు తాగలేదని, తడి తగిలితే కుళ్లడమే తప్ప దానికేమీ ఒరగదని తనకు తానే చెప్పుకుని చెయ్యి వెనక్కు తీసుకునేది. కొమ్మ ముడతలు పడింది, వాడింది, అయినా పచ్చగానే ఉంది. ఒక ఆదివారం స్వర్ణ దాన్ని పేలికతో పట్టి మెల్లగా లాగింది. అది రాలేదు. ఇంకొంచెం లాగింది. మట్టి లేచింది గాని కొమ్మ రాలేదు. లోపల వేళ్లు పట్టుకున్నాయి. స్వర్ణ గ్యాలరీలోనే చతికిలబడి చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. ఆ రోజు దానికి మొదటిసారి అరగ్లాసు నీళ్లు పోసింది.

ఏడాది తిరిగేసరికి గ్యాలరీలో ఆమె గడప పక్కన అడుగు పెట్టే సందు తప్ప అన్నీ డబ్బాలే. నిలువుగా కర్రలా పెరిగేవి, అరచేతుల్లా ఒకదాని మీద ఒకటి మొలిచేవి, ఉండల్లా ఉండి చుట్టూ పిలకలు పెట్టేవి. పిలకలను మెలితిప్పి విడదీసి, ఆరబెట్టి మళ్లీ నాటేది. వానాకాలం డబ్బాలన్నీ చూరు కిందికి జరిపి ప్లాస్టిక్ కప్పేది. కార్ఖానా నుంచి లేచే దూది నూగు ముండ్లకు పట్టుకుని, చెట్లన్నీ తల నెరిసినట్టు కనిపించేవి. పాత పళ్ల బ్రష్షుతో ఆ నూగు దులపడం ఆమెకు ఆదివారం పని.

చాల్‌లో గొణుగుడు మొదలైంది. ముండ్ల చెట్లున్న ఇంట్లో పిల్లల తొట్టెల ఊగదన్నారు. ఎదురు గది ఎల్లమ్మ అయితే స్వర్ణ వినేట్టే అనేది, "తెలిసి తెలిసి గడప ముందల ముండ్లు వెట్టుకున్నది, ఇగ పిల్లలు ఎట్ల నిలుస్తరు?"

స్వర్ణ ఇంకో డబ్బాకు బొక్కలు పెట్టింది.

వాటిని చూసి ముచ్చటపడింది పూనం ఒక్కతే. పూనం సేటు కోడలు. థానేలో మరాఠీ బడిలో చదువుకున్న పిల్ల. కడుపుతో ఉంది. ఒకరోజు బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి ఉండలాంటి చిన్న చెట్టు ముందు కూర్చుండిపోయింది.

"స్వర్ణక్కా, హే కిత్తీ ఛాన్ ఆహే! ఎంత ముద్దుగున్నది! నాకు ఒకటి ఇస్తవా? కిటికీల పెట్టుకుంట."

స్వర్ణ తటపటాయించింది. "మీ అత్త ఊకోదు."

"ఆమెకు కనపడకుండ పర్దా ఎనక పెడ్త."

పెరుగు డబ్బాలో వేళ్లు పట్టిన పిలకను స్వర్ణ ఆమె చేతిలో పెట్టింది.

ఏడో నెలలో ఒక పొద్దున పూనంకు నొప్పి వచ్చింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. అంతా బాగానే ఉందని చెప్పి డాక్టరు మధ్యాహ్నానికే పంపేసింది. ఇంటికి వచ్చాక కోడలికి గాలి ఆడాలని అత్త సుశీలాబాయి కిటికీ పర్దా తీసింది. చెట్టు కనపడింది.

సుశీలాబాయి సేటు భార్య. నోరు పెద్దదే గాని, ఇంతకాలం స్వర్ణను ఎదురుగా ఏమీ అనలేదు. ఆ రోజు ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకుని పైకి వచ్చింది. స్వర్ణ అప్పటికి నార్పోలిలో కండెల మిషను ముందు ఉంది.

ఆమె షిఫ్టు అయిపోయి సందులోకి తిరిగేసరికి ఇంకా ఎండ ఉంది. మురికినీళ్ల మోరీ పక్కన తన డబ్బా ఒకటి దొర్లుతూ కనిపించింది. ఆ తర్వాత ఇంకొకటి. తర్వాత చెట్లు. కర్రలాంటివి నడిమికి విరిగాయి. అరచేతుల్లాంటివి కణుపు కణుపుకూ ఊడి మట్టిలో పడి ఉన్నాయి. ఒకటి రెండు సైకిల్ చక్రాల కింద నలిగాయి. స్వర్ణ పరుగున మెట్లెక్కింది. గ్యాలరీ ఖాళీగా ఉంది. గదిలో పెంటవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎవరు చేసిన్రు?"

"సుశీలమ్మ."

"నువ్వు యాడికి వోయినవ్?"

"ఈడనే ఉన్న."

"ఉండి సుత ఆపలేదా అత్తా?"

పెంటవ్వ చూపు తిప్పుకుంది. "ఏమని ఆపాలె? వాళ్ల కోడలికి నొప్పులచ్చినయంట. పోతే పోనీ అనుకున్న. ఇవి పోతెనన్న నీకు ఒక్క కాన్పు నిలుస్తదేమో అనుకున్న."

స్వర్ణ బట్ట మోసే పెద్ద సంచి ఒకటి తీసుకుని కిందికి దిగింది. పేలిక తీసుకోవడం మరిచిపోయింది. వట్టి చేతులతోనే ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. చాయ్ బండి దగ్గర మగవాళ్లు మాటలు ఆపి చూశారు. మోరీలో పడ్డవాటిని కూడా చెయ్యి పెట్టి తీసింది. సంచి నిండాక దాన్ని మోసుకుపోయి, అందరూ నీళ్లు పట్టుకునే నల్లా దగ్గర దింపింది. ఆ నల్లా సుశీలాబాయి గడపకు ఎదురుగానే ఉంది. స్వర్ణ నల్లా తిప్పి, ముక్కలను ఒక్కొక్కటిగా కడగసాగింది.

సుశీలాబాయి బయటికి వచ్చింది. "ఏయ్! ఆ దరిద్రాన్ని నా గడప ముందల కడుగుతవా? అవతల పారెయ్యి!"

"పారేసింది నువ్వు. ఏరుకునేది నేను" అంది స్వర్ణ, తల ఎత్తకుండా.

"నీకు లేదని మందికి సుత లేకుండ చేద్దామనుకుంటున్నవా? నా కోడలికి ఆ ముండ్లు ఎందుకిచ్చినవ్?"

స్వర్ణ చేతిలోని ముక్కను కింద పెట్టి లేచి నిలబడింది. గ్యాలరీలో జనం వరుసగా నిలబడి చూస్తున్నారు. కార్ఖానా తలుపులో కూడా ఇద్దరు ముగ్గురు చేరారు.

"అడిగింది, ఇచ్చిన. నీ కోడలు సల్లగుండాలె. ఆమెను నేను ఎన్నడన్న ఒక్క మాట అన్ననా? ఇగ నా సంగతి అంటవా, సుశీలమ్మా, గట్టిగనే మాట్లాడుకుందాం, అందరు ఇననియ్యి. నాకు మొదటిసారి పోయినప్పుడు ఇంట్ల ముండు గాదు, తులసాకు సుత లేకుండె. అప్పుడు ఎవరిది తప్పు? నువ్వు చెప్పు."

సుశీలాబాయి ఏదో అనబోయింది. స్వర్ణ ఆగలేదు.

"డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని చెప్పింది, ఇందుల నువ్వు చేసిన తప్పేం లేదని. ఆ ఒక్క మాట ఈ చాల్‌ల ఒక్కరన్న అన్నరా? తప్పు నాది గాదంటే చెట్టుదన్నరు. చెట్టు మీద వెట్టి నన్నే అన్నరు. రెండేండ్ల సంది ఇంటున్న. ఇగ ఇన."

"నా ఇంట్ల ఉండుకుంట నాకే ఎదురు మాట్లాడుతవా? సేటుకు చెప్పి ఖోలీ ఖాళీ చేపిస్త!"

"చెప్పుకో. అందాక నా గడప ముందలి వస్తువును ఇంకోసారి ముట్టకు. ముడితే నేను సుత మెట్లు దిగి నీ గడపకు వస్త. గప్పుడు చూద్దాం."

ఆమె మళ్లీ కూర్చుని కడగడం మొదలుపెట్టింది. అన్నీ అయ్యేదాకా లేవలేదు. సుశీలాబాయి తలుపు ధడాలున వేసుకుంది.

పైకి వచ్చేసరికి స్వర్ణ అరచేతులు ఎర్రగా ఉబ్బాయి. కళ్లకు కనపడని సన్న ముండ్లు వందలు దిగాయి. పెంటవ్వ చిమటా తీసుకుని గ్యాలరీ వెలుతురులోకి వచ్చింది. కోడలి చెయ్యి తన ఒడిలో పెట్టుకుని, బట్టలో పోగులు ఏరినట్టు ఒక్కొక్క ముండే తీసింది. 

"నాకు సుత పోయినయి" అంది పెంటవ్వ ఉన్నట్టుండి. "భీమ్‌రావుకు ముందుగాల ఒకటి, ఎనక ఒకటి. ఊర్లె మా ఇంటి ముందర గన్నేరు, మల్లె. ఒక్క ముండ్ల చెట్టు లేకుండె."

స్వర్ణ ఆమె ముఖంలోకి చూసింది.

"మా అత్త నన్ను బోనం ఎత్తుకోనియ్యలే. పెండ్లిండ్లల్ల పసుపు దంచనియ్యలే. నేను నోరు తెరువలే. ఇయ్యాల నువ్వు కింద మాట్లాడుతుంటే, బిడ్డా, నా పానం నిమ్మళమైంది." ఇంకో ముండు తీసి గ్యాలరీ అవతలికి ఊదేసింది. "నీ చెట్లను పడేస్తుంటే నేను కూసోవద్దుండె."

సాయంత్రం భీమ్‌రావు పని దిగి వచ్చేసరికి గదిలో కూర్చోవడానికి చోటు లేదు. ట్రంకుపెట్టె మీద, కిటికీలో, బట్టల తాడు కింద పరిచిన పేపర్ల మీద, అన్నిచోట్లా పసుపు అద్దిన ముక్కలే. అతను మాట తక్కువ మనిషి. జరిగింది కార్ఖానాలోనే విన్నాడు. ముక్కలను జరపకుండా గడపలోనే కూర్చుని అన్నం తిన్నాడు.

మరునాడు హనుమాండ్లు సేటు అతని సాంచెల దగ్గరికి వచ్చాడు. ఆ చప్పుడులో చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేనే వినపడుతుంది.

"నీ పెండ్లానికి చెప్పు. ఆ చెట్లు మళ్ల గ్యాలరీల కనపడొద్దు."

భీమ్‌రావు తెగిన పోగు ముడేసి సాంచె మళ్లీ నడిపాడు. "నువ్వే చెప్పుకో సేటు. ఖోలీలకెంచి పొమ్మంటే పోతం. పనిలకెంచి తీస్తనంటే తియ్యి. నార్పోలిల మనుషులు దొరుకక సాంచెలు బందుపడి ఉన్నయి. ఆమెకు మాత్రం నేను చెప్ప."

సేటు అతని వైపూ, నడుస్తున్న సాంచెల వైపూ చూశాడు. పండుగకు ఊరికి పోయిన పనివాళ్లు సగం మంది ఇంకా తిరిగి రాలేదు. ఆయన వెళ్లిపోయాడు. గది ఖాళీ చేయించే మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు.

పూనం శ్రీమంతం నాడు చాల్‌లో ఆడవాళ్లందరికీ పిలుపు వచ్చింది. స్వర్ణకు రాలేదు. పెంటవ్వను మాత్రం పిలిచారు. పెంటవ్వ తన మంచి చీర కట్టుకుని, కోడలి ముందు నిలబడింది.

"లే. నువ్వు సుత కట్టుకో."

"పిలువలే గద అత్తా."

"నన్ను పిలిచిన్రు. నా మోకాళ్లు మంచిగ లేవు, మెట్లు దిగాల్నంటే నాకు నువ్వు గావాలె. నడువు."

కింద పందిరి కింద పూనం పూల జడతో కుర్చీలో కూర్చుని ఉంది. స్వర్ణ వెళ్లి ముందు వరుసలో కూర్చుంది.  సుశీలాబాయి కుంకుమ పళ్లెంతో వరుసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చి, స్వర్ణను దాటి అవతలి మనిషి దగ్గరికి పోయింది. స్వర్ణ చూపు దించలేదు. సూటిగా ఆమెనే చూసింది.

పెంటవ్వ చెయ్యి చాచి పళ్లెం అంచు పట్టుకుంది. "ఒక మనిషిని ఇడిసిపెట్టినవ్ సుశీలా."

ఆమెను పేరు పెట్టి అట్లా పిలవడం ఎవరూ వినలేదు. సుశీలాబాయి పళ్లెం వదల్లేదు. పెంటవ్వ కూడా వదల్లేదు. అట్లా పళ్లెం ఇద్దరి నడుమా ఉండగానే, రెండో చేత్తో కుంకుమ తీసి కోడలి నుదుట పెట్టింది. అప్పుడు పళ్లెం వదిలేసింది.

స్వర్ణ లేచి గాజుల బుట్ట దగ్గరికి వెళ్లింది. పచ్చ గాజులు రెండు తీసుకుని పూనం ముందు నిలబడింది. పూనం అత్త వైపు చూసింది. భయం ఆమె ముఖంలో స్పష్టంగా కనిపించింది.  అయినా చెయ్యి ముందుకు చాచింది. స్వర్ణ గాజులు తొడిగి, ఆమె చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

"సల్లగ నీళ్లాడు" అంది.

సుశీలాబాయి ఆ రోజు నుంచి స్వర్ణతో మాట్లాడటం మానేసింది. స్వర్ణ మాత్రం నల్లా దగ్గర ఎదురైన ప్రతిసారీ "బాగున్నవా సుశీలమ్మా" అని అందరూ వినేట్టు అడిగేది.

ఎండిన ముక్కలను ఈసారి అత్తాకోడళ్లు ఇద్దరూ కలిసి నాటారు. మునుపు ఒక చెట్టు ఉన్నచోట ఇప్పుడు నాలుగైదు ముక్కలయ్యాయి కాబట్టి డబ్బాలు చాల్లేదు. దత్తు గోదాము నుంచి విరిగిన బకెట్లు తెచ్చాడు. మోరీలో పడినవి కొన్ని కుళ్లాయి. ఒకటి కుళ్లినట్టు కనపడగానే పెంటవ్వ పక్కవాటికి అంటకుండా తీసి పడేసేది. ఎవరూ చూడకుండా నీళ్లు పోస్తున్నదని స్వర్ణ రెండుసార్లు ఆమెను కోప్పడింది కూడా. మిగిలినవన్నీ బతికాయి. గ్యాలరీ కటకటాల వెంట వరుసగా నిలబెడితే, సందు మలుపు నుంచే కనపడేవి.

ఒక సెలవు రోజు ఎల్లమ్మ తన గది లోంచి తల బయట పెట్టి, అటూ ఇటూ చూసి, మెల్లగా వచ్చింది.

"స్వర్ణా, నాకొకటి ఇయ్యరాదు. గా చేతుల లెక్కున్నది. మా అంటింట్ల పెట్టుకుంట."

ఎల్లమ్మ ఇంతకాలం అన్న మాటలన్నీ స్వర్ణకు గుర్తున్నాయి. ఎల్లమ్మకు కూడా గుర్తున్నాయని ఆమె నేల చూపులే చెప్పాయి.

"అంటింట్ల ఎండ రాదు. బతుకది. నీ గడప ముందల వెట్టుకుంటనంటే ఇస్త. దాసుకుంటనంటే ఇయ్య" అంది స్వర్ణ.

"గడప ముందల పెడితే సుశీలమ్మ..."

"చూస్తది. చూడనియ్యి."

ఎల్లమ్మ కింది వాకిలి వైపు చూసింది. సుశీలాబాయి అక్కడే మంచం వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.  ఎల్లమ్మ కొంగు మడిచి చేతులకు చుట్టుకుని డబ్బా అందుకుంది. నాలుగడుగులు వేసి, తన గడప పక్కన, కింది నుంచి బాగా కనపడేచోట దించింది.

"ఏందే ఎల్లమ్మా, నువ్వు సుతనా?" కింది నుంచి గొంతు లేచింది.

ఎల్లమ్మ ఒక్కసారి స్వర్ణను చూసింది. కటకటాల మీదికి వంగి, ఇంకా గట్టిగా జవాబిచ్చింది.

"అవును సుశీలమ్మా, నేను సుత!"